రెండు కోర్లతో ఆట నడిపించడం ఎలా?

మీ చేతిలో ఉన్న డబ్బు తక్కువ. ఇంట్లో చదువు కోసమని చెప్పి ఒప్పించారు, మనసులో మాత్రం గేమ్స్ ఉన్నాయి. నాయుడుపేటలో కంప్యూటర్ షాపులో అడిగితే "ఐ5 వేసిస్తా, తక్కువలోనే వస్తాది" అన్నారు. చెన్నైలో చదువుతున్న స్నేహితుడేమో "ఐ5 ఎందుకురా, డ్యూయల్ కోర్ కొని ఓవర్‌క్లాక్ చేసుకో, డబ్బు మిగుల్తాది" అన్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇద్దరూ చెప్పకుండా వదిలేసింది కూడా ఉంది. మీ డబ్బు పోయేది అక్కడే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు కోర్ల ప్రాసెసర్ కొనడం తప్పేమీ కాదు. మీరు ఆడే ఆటలకు అది సరిపోవాలి, నాలుగు థ్రెడ్‌లది అయ్యుండాలి, రేపు అదే బోర్డులో పెద్ద ప్రాసెసర్ పెట్టుకునే వీలుండాలి. ఈ మూడూ కుదిరితే నిశ్చింతగా కొనండి. ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగానికి మించి నడపడం, ఆ తర్వాతి సంగతి. మన ఎండకూ మన కరెంటుకూ తట్టుకునే సామాను సమకూరాకే దాని జోలికి వెళ్లాలి.

1. ముందు ఆటల పేర్లు కాగితం మీద రాయండి

చాలామంది ప్రాసెసర్ పేరుతో మొదలుపెడతారు. మీరు ఆట పేరుతో మొదలుపెట్టండి. వచ్చే ఏడాది కాలంలో నిజంగా ఆడబోయేవి నాలుగైదు రాసుకోండి. ప్రతి దానికీ కంపెనీ చెప్పిన కనీస ప్రాసెసర్ ఏమిటో పక్కన వేసుకోండి.

ఉదాహరణకు, మన కుర్రాళ్లు ఇప్పటికీ వదలని ఈఏ క్రికెట్ 07 ఉంది. 2006లో వచ్చిన ఆట. దానికి రెండు కోర్లు ఎక్కువే, ఓవర్‌క్లాకింగ్ ఊసే అక్కర్లేదు. వాలరెంట్ తీసుకోండి. 2020లో విడుదలైనప్పుడు కనీస అవసరంగా రాసిన ఇంటెల్ ప్రాసెసర్ కోర్ 2 డ్యువో ఈ8400. 2008 నాటి రెండు కోర్ల ప్రాసెసర్ అది! కానీ కనీసం అంటే సెకనుకు 30 ఫ్రేములు వచ్చే లెక్క. 60 ఫ్రేములకు వాళ్లు సూచించింది ఐ3-4150. దానికీ కోర్లు రెండే, థ్రెడ్‌లు నాలుగు.

ఇప్పుడు కౌంటర్ స్ట్రైక్ 2 చూడండి. 2023 సెప్టెంబరులో వచ్చిన ఈ ఆటకు కనీసం నాలుగు థ్రెడ్‌లు ఉండాలని కంపెనీ నేరుగా రాసింది. అంటే రెండు కోర్లు, రెండు థ్రెడ్‌ల పెంటియమ్ ఆ గీత దగ్గరే ఆగిపోయింది. దాన్ని ఎంత వేగానికి తోసినా థ్రెడ్‌లు పెరగవు కదా? జీటీఏ 5 కంప్యూటర్‌కి వచ్చింది 2015లో. దానికి కనీసంగా చెప్పిన ఇంటెల్ ప్రాసెసర్ కోర్ 2 క్వాడ్ క్యూ6600, అంటే నాలుగు కోర్లది.

కాగితం చూసుకోండి. సగానికి పైగా ఆటలు నాలుగు కోర్లు అడుగుతుంటే మీ ప్రశ్నే మారిపోయింది. డ్యూయల్ కోర్ ఆలోచన పక్కన పెట్టి, ఐ3-12100ఎఫ్ లాంటి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్‌ల ప్రాసెసర్‌కు ఎంత తక్కువైందో లెక్కేసుకోండి. రెండు నెలలు ఆగితే ఆ తేడా చేతికొస్తుందా? వస్తుందనుకుంటే ఆగండి. ఫోన్ గేమ్స్‌ను ఎమ్యులేటర్‌లో ఆడాలనుకునేవాళ్లకూ ఇదే మాట.

2. కోర్లతో పాటు థ్రెడ్‌లు అడగండి

ఒక వంటమనిషి ఒకే పొయ్యి మీద వండటానికీ, రెండు పొయ్యిలు అటూ ఇటూ చూసుకుంటూ వండటానికీ ఉన్న తేడాయే థ్రెడ్‌ల తేడా. మనిషి ఒక్కడే, పని మాత్రం కొంత ఎక్కువ సాగుతుంది. రెండు కోర్లకు నాలుగు థ్రెడ్‌లున్న ప్రాసెసర్, నాలుగు అసలు కోర్లున్న దానితో సమానం కాదు. కానీ రెండే థ్రెడ్‌లున్న దానికంటే చాలా మేలు.

దీని విలువ 2014లో చాలామందికి చేదుగా తెలిసొచ్చింది. ఆ ఏడాది మధ్యలో పెంటియమ్ పేరు పుట్టి ఇరవై ఏళ్లయిందని ఇంటెల్ పెంటియమ్ జీ3258 తెచ్చింది. ధర 72 డాలర్లు. రెండు కోర్లు, రెండు థ్రెడ్‌లు, 3.2 గిగాహెర్ట్జ్. గుణకానికి తాళం లేదు, అంటే వేగాన్ని మనమే పెంచుకోవచ్చు. 4.2, 4.4, అదృష్టం బాగుంటే ఇంకాస్త పైకి కూడా పోయేది. ఇంత తక్కువ ధరలో అంత వేగం అనేసరికి ప్రపంచమంతా ఎగబడి కొన్నారు. అదే ఏడాది నవంబరులో ఫార్ క్రై 4 వచ్చింది. రెండు థ్రెడ్‌ల ప్రాసెసర్ల మీద అది తెరుచుకోనే లేదు, నల్ల తెర చూపించి ఊరుకుంది. డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్‌తోనూ ఇదే గొడవ. 4.5 గిగాహెర్ట్జ్‌లో పరిగెత్తే ప్రాసెసర్ ఉంది, ఆట మాత్రం మొదలుకాదు. దాన్ని కొన్నవాళ్ల బాధ ఊహించండి!

ఇంకో సంగతి కూడా ఉంది. జీ3258లోనూ, 2017లో బాగా అమ్ముడైన జీ4560లోనూ ఏవీఎక్స్ అనే సదుపాయం లేదు. కొత్త ఆటల్లో కొన్ని అది లేకపోతే తెరుచుకోవు. సెకండ్ హ్యాండ్‌లో పెంటియమ్ చవగ్గా దొరికిందని తీసుకునే ముందు మీ కాగితం మీది ఆటలు ఏవీఎక్స్ అడుగుతాయేమో చూసుకోండి.

3. తాళం ఉన్నదేదో, లేనిదేదో తెలుసుకోండి

అన్ని ప్రాసెసర్లనూ ఓవర్‌క్లాక్ చేయవచ్చని అనుకోవడం అందరూ చేసే పొరపాటు. పాత రోజుల్లో అది కొంతవరకు నిజమే. 2007 నాటి పెంటియమ్ ఈ2160 1.8 గిగాహెర్ట్జ్‌ది. బోర్డులో బస్ వేగం 200 నుంచి 333కు పెంచితే దాని తొమ్మిది గుణకంతో 3 గిగాహెర్ట్జ్ అయిపోయేది. ఏఎమ్‌డీ 2009లో తెచ్చిన ఫెనమ్ 2 ఎక్స్2 550 బ్లాక్ ఎడిషన్‌లో గుణకానికి తాళం లేకపోవడమే కాదు, కొన్నిట్లో మూసిపెట్టిన మరో రెండు కోర్లు కూడా బోర్డు సాయంతో తెరుచుకునేవి. స్నేహితుడి అన్నయ్యలు చెప్పే కథలన్నీ ఆ కాలానివే.

ఆ కథలు విని ఇవాళ షాపుకెళ్తే నష్టపోతారు. ఇంటెల్ ఇటీవల తెచ్చిన రెండు కోర్ల ప్రాసెసర్లు, పెంటియమ్ గోల్డ్ జీ7400 గానీ 2024లో వచ్చిన ఇంటెల్ 300 గానీ, తాళం వేసినవే. వాటిని ఓవర్‌క్లాకింగ్ కోసం కొనకండి. తాళం లేకుండా దొరికే రెండు కోర్లవాటిలో ఇవాళ చూడదగ్గవి మూడే: సెకండ్ హ్యాండ్‌లో జీ3258, సెకండ్ హ్యాండ్‌లోనే ఐ3-7350కే, ఇక ఏఎమ్‌డీ ఏథ్లాన్ 3000జీ.

ఐ3-7350కే గురించి రెండు మాటలు. ఇంటెల్ తాళం తీసి అమ్మిన మొదటి ఐ3 ఇది. 2017 జనవరిలో వచ్చింది, రెండు కోర్లు, నాలుగు థ్రెడ్‌లు, పుట్టుకతోనే 4.2 గిగాహెర్ట్జ్. ధర 168 డాలర్లు. ఓవర్‌క్లాక్ చేయాలంటే దానికి ఖరీదైన జెడ్ రకం బోర్డు కావాలి. ఆ రోజుల్లో నాలుగు అసలు కోర్లున్న ఐ5-7400 ధర 182 డాలర్లు, దానికి మామూలు బోర్డు చాలు. రెండూ కూడితే ఏది చవక? పైగా అదే ఏడాది అక్టోబరులో నాలుగు కోర్ల ఐ3-8100 దానికంటే బాగా తక్కువకు, 117 డాలర్లకే వచ్చేసింది. ఓవర్‌క్లాక్ అవుతుందన్న ఒక్క మాట కోసం ఎక్కువ డబ్బు పెడితే ఏమవుతుందో ఈ ప్రాసెసరే చూపించింది. ఇవాళ ఎవరైనా మీకు దాన్ని అమ్మజూపితే, బోర్డుతో సహా నిజంగా చవకైతే తప్ప వదిలేయండి.

నా ఓటు ఏథ్లాన్ 3000జీకే. 2019 నవంబరులో 49 డాలర్లకు వచ్చింది. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్‌లు, 3.5 గిగాహెర్ట్జ్, తాళం లేదు, ఏవీఎక్స్ ఉంది, వేగా 3 గ్రాఫిక్స్ లోపలే ఉంది, తినే కరెంటు 35 వాట్ల తరగతి. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. జీ3258, ఐ3-7350కే రెండూ ఆ జాబితాలో లేవు. దీని లోటు కూడా తెలుసుకోండి. గ్రాఫిక్స్ కార్డు స్లాటుకు ఇది పూర్తి 16 దారులు ఇవ్వదు. కాబట్టి దీని పక్కన పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టడం డబ్బు వృథా.

4. బోర్డు దగ్గర పిసినారితనం వద్దు

ప్రాసెసర్‌కు తాళం లేకపోయినా బోర్డు ఒప్పుకోవాలి. ఏథ్లాన్‌కు ఏ320 బోర్డు చవగ్గా దొరుకుతుంది, కానీ అందులో ఓవర్‌క్లాకింగ్ ఉండదు. బీ450 తీసుకోండి. ఏ520, బీ550 బోర్డులు కొత్తవే అయినా వాటిలో ప్రతిదీ 3000జీని తీసుకోదు. బోర్డు కంపెనీ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో పేరు చూసుకోకుండా డబ్బు కట్టకండి.

బీ450 వల్ల అసలు లాభం వేరే ఉంది. రెండేళ్ల తర్వాత బయోస్ అప్‌డేట్ చేసి, అదే సాకెట్‌లో ఆరు కోర్ల రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. ర్యామ్, బోర్డు, క్యాబినెట్ అన్నీ అవే. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించడం లేదు. జీ3258 దారిలో ఈ సుఖం తక్కువ. అక్కడ పైమెట్టు అంటే పాత ఐ5, ఐ7 మాత్రమే. దానికి జెడ్97 బోర్డు సరైన జోడీ. హెచ్81, బీ85 బోర్డుల్లో కొన్నిటికి కంపెనీలు బయోస్ అప్‌డేట్‌తో ఓవర్‌క్లాకింగ్ ఇచ్చాయి, అన్నిటికీ కాదు.

ర్యామ్ ఒకే 8 జీబీ కర్ర కాకుండా రెండు 4 జీబీ కర్రలు తీసుకోండి. విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా లోపలి వేగా 3తోనే ఆడేవాళ్లకు ఈ ఒక్క మార్పుతో వచ్చే లాభం ప్రాసెసర్ ఓవర్‌క్లాక్‌తో రాదు. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది మరి.

5. మే నెలను దృష్టిలో పెట్టుకుని చల్లదనం కొనండి

ఇది మన ప్రాంతపు అసలు సమస్య. ఓవర్‌క్లాకింగ్ వీడియోల్లో కనిపించే ఉష్ణోగ్రతలు చాలావరకు ఏసీ గదుల్లో, 22, 25 డిగ్రీల దగ్గర తీసినవి. నాయుడుపేటలో మే నెల మధ్యాహ్నం, పైన డాబా కాలుతుండగా మీ గదిలో ఎంత ఉంటుంది? 38 అనుకుందాం. కూలర్ చేసేది గది వేడికి పైన ఎంత పెరగాలో అదుపు చేయడమే, గది కంటే చల్లబరచడం దానివల్ల కాదు. కాబట్టి వీడియోలో 65 చూపించిన చోట మీకు 78, 80 కనిపిస్తుంది. జనవరి రాత్రి బాగా నడిచిన సెట్టింగ్ ఏప్రిల్‌లో ఆట మధ్యలో ఆగిపోవడానికి కారణం ఇదే. ప్రాసెసర్ పాడైందని కంగారు పడకండి.

వేడి ఎంత పెరుగుతుందో మీరే లెక్కేయవచ్చు. వేగం ఎన్ని రెట్లు పెరిగితే వేడి అన్ని రెట్లు, వోల్టేజి ఎన్ని రెట్లు పెరిగితే దాని వర్గం అన్ని రెట్లు. జీ3258ని 3.2 నుంచి 4.4కు, 1.10 వోల్టుల నుంచి 1.30కి తీసుకెళ్లారనుకోండి. వేగం 1.375 రెట్లు. వోల్టేజి 1.18 రెట్లు, దాని వర్గం సుమారు 1.4. రెండూ గుణిస్తే 1.92. అంటే వేగం మూడో వంతుకు కొంచెం పైగా పెరిగినందుకు వేడి దాదాపు రెట్టింపు! ఎక్కువ వేడి తెచ్చేది వోల్టేజి అని ఇక్కడే తెలుస్తుంది. వోల్టేజి ముట్టకుండా వచ్చే వేగం ఎంతో అంతటితో సంతృప్తి పడేవాళ్లకు మన ఊళ్లో ఎండాకాలం కూడా హాయిగా గడుస్తుంది.

ఒక ముఖ్యమైన చోట కాసేపు ఆగుదాం. ఇంటెల్ పాత కూలర్లకు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ మేకులుంటాయి. వాటిని ఎదురెదురు మూలల వరసలో, జతజతగా టక్కున శబ్దం వచ్చేదాకా నొక్కాలి. తర్వాత బోర్డు వెనక్కి తిప్పి చూడండి. తెల్ల ప్లాస్టిక్ కాళ్లు బోర్డు రంధ్రంలోంచి బయటికొచ్చి విచ్చుకోవాలి, నడుమ నల్ల మేకు పూర్తిగా దిగి ఉండాలి. ఒక్క మూల దిగకపోయినా కూలర్ ఒకపక్కకు ఒరుగుతుంది, ఆ పక్కన ప్రాసెసర్ కాలుతుంది. "ఓవర్‌క్లాక్ చేయకుండానే 90 చూపిస్తోంది" అని చెప్పే కంప్యూటర్లలో ముందు చూడాల్సింది ఈ నాలుగు కాళ్లే. పేస్ట్ ఎండి పొడిపొడిగా ఉంటే పూర్తిగా తుడిచేసి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ మధ్యలో పెట్టి కూలర్ బిగించండి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లదనం రాదు.

హైవే పక్క ఊరు కాబట్టి దుమ్ము తప్పదు. రెండు మూడు నెలలకోసారి క్యాబినెట్ పక్క తలుపు తీసి బ్రష్‌తో దులపండి. ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని దులపాలి, గాలికి గిర్రున తిరగనివ్వకూడదు. క్యాబినెట్‌ను బీరువాకూ గోడకూ మధ్య సందులో దూర్చకండి.

6. కరెంటు సంగతి ముందు తేల్చుకోండి

ఎస్‌పీడీసీఎల్ లైన్ మీద ఎండాకాలం సాయంత్రం మీ వీధిలో వోల్టేజి ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు. ట్యూబులైటు మిణుకుమంటుందా? పక్కింటి మోటార్ వేస్తే ఫ్యాన్ నెమ్మదిస్తుందా? అలాంటి చోట ఓవర్‌క్లాక్ చేసిన కంప్యూటర్‌కు క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) వాడకండి. దాని మీద 450 వాట్లని రాసి ఉన్నా నమ్మకండి. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న పేరున్న కంపెనీది, బిల్లుతో, వారంటీతో కొనండి. బడ్జెట్ చాలకపోతే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగినా ఫర్వాలేదు, ఎస్‌ఎంపీఎస్‌లో దిగొద్దు.

యూపీఎస్ ఉంటే మంచిది. కరెంటు పోయినప్పుడు ఆట కొనసాగించడానికి అనుకోకండి, సేవ్ చేసి ఆపడానికి అది ఇచ్చే కొద్ది నిమిషాలు చాలు. బయోస్ అప్‌డేట్ మాత్రం యూపీఎస్ లేకుండా మన ఊళ్లో చేయనేకూడదు. మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఎర్త్ లేదన్నమాట. ఓవర్‌క్లాకింగ్ ఆలోచన అక్కడే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

7. రిచీ స్ట్రీట్‌కు వెళ్లేరోజు

నాయుడుపేటలో రైలెక్కితే చెన్నై సెంట్రల్‌లో దిగుతాం, అక్కణ్ణుంచి కంప్యూటర్ సామాను దొరికే రిచీ స్ట్రీట్ ఆటోకి దగ్గరే. సెకండ్ హ్యాండ్ కోసం వెళ్లేవాళ్లు ఇవి మరవకండి.

షాపువాళ్లతో మాట ఇలా సాగనివ్వండి:

"అన్నా, ఐ5 అన్నావు కదా, నంబరెంత?"
"మంచి ప్రాసెసరే తమ్ముడూ, నడుస్తాది."
"నడుస్తాదిలే అన్నా, నంబరు చెప్పు. ఏ జనరేషన్?"

నంబరు చెప్పేదాకా వదలకండి. ఎందుకంటే ఐ5 అని పేరున్నంత మాత్రాన నాలుగు కోర్లు కావు. 2010 నాటి ఐ5-650కి కోర్లు రెండే. ఆ స్టిక్కర్ చూసి డ్యూయల్ కోర్‌కు ఐ5 ధర పెట్టిన వాళ్లున్నారు.

బోర్డు చేతికిచ్చాక ఫోన్ టార్చి వేసి సాకెట్ లోపల చూడండి. ఇంటెల్ అయితే సన్నని పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, ఏథ్లాన్ అయితే ప్రాసెసర్ అడుగున ఉంటాయి. వెలుతురు ఏటవాలుగా పడితే అన్నీ ఒకే వరసలో మెరవాలి. ఒక్కటి వంగినా ఆ మెరుపు తెగుతుంది. తర్వాత అక్కడే ఆన్ చేయించి, బయోస్‌లో పేరు, వేగం, ఉష్ణోగ్రత చూడండి. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే నంబరు, కోర్లు, థ్రెడ్‌లు అన్నీ కనిపిస్తాయి. రెండు ర్యామ్ స్లాట్లూ పనిచేస్తున్నాయా? మార్చి పెట్టి చూడమనండి. మొహమాటపడితే తిరిగి రావడానికి మళ్లీ రైలు ఛార్జీ అవుతుంది. బిల్లు మీద మోడల్ నంబరు, మార్చి ఇచ్చే గడువు రాయించుకోండి.

గ్రాఫిక్స్ కార్డు కూడా తీసుకుంటుంటే ఒక జాగ్రత్త. జీటీ 1030 అనే పేరుతోనే రెండు రకాలున్నాయి, జీడీడీఆర్5, డీడీఆర్4. రెండోది చాలా నెమ్మది. పెట్టె మీద చిన్న అక్షరాలు చదవండి.

8. ఇక ఓవర్‌క్లాక్ చేద్దాం

ప్రాజెక్టు రిపోర్టు, ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. సరిగా నిలబడని ఓవర్‌క్లాక్ వల్ల విండోస్ ఫైళ్లు చెడిపోయే అవకాశం ఉంది. పగటి వేడి ఎక్కువగా ఉన్న సమయంలో పరీక్షించండి. మధ్యాహ్నం నిలబడితే రాత్రి దానంతటదే నిలబడుతుంది.

మొదట ఏమీ మార్చకుండా మీ ఆట ఆడి ఫ్రేములు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రత రాసుకోండి. ఈ అంకెలు లేకుండా తర్వాత లాభం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇప్పుడు ఆటలో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఫ్రేములు జోరుగా పెరిగాయంటే ఇరుకు గ్రాఫిక్స్ దగ్గర ఉంది, ప్రాసెసర్ వేగం పెంచి లాభం లేదు. ఫ్రేములు కదలకపోతే ఇరుకు ప్రాసెసర్‌దే, ముందుకు వెళ్లండి.

కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. సీపీయూ రేషియో అనే చోట గుణకం ఉంటుంది. 100 మెగాహెర్ట్జ్‌కు 32 గుణకమైతే 3.2 గిగాహెర్ట్జ్. జీ3258కి మొదట 36 పెట్టి చూడండి, నిలబడితే ఒక్కొక్క మెట్టే పైకి. బేస్ క్లాక్ మాత్రం ముట్టుకోకండి. దాన్ని కదిపితే ర్యామ్‌తో పాటు మిగతావీ కదులుతాయి, తప్పెక్కడుందో పట్టుకోలేరు.

ప్రతి మెట్టు తర్వాత ఓసీసీటీ అనే పరీక్ష ప్రోగ్రామ్ పావుగంట నడపండి. ఆగిపోయినా, నీలం తెర వచ్చినా, తప్పులు చూపించినా ఒక మెట్టు దిగండి, లేదా వోల్టేజి 0.025 పెంచి మళ్లీ చూడండి. రెండూ ఒకేసారి మార్చవద్దు. బోర్డులోని ఆటో ఓవర్‌క్లాక్ బటన్ నొక్కకండి, అవి చాలాసార్లు కావాల్సినదానికంటే ఎక్కువ వోల్టేజి ఇస్తాయి. పెంటియమ్‌కు కంపెనీ కూలర్‌తో 1.20 వోల్టులు, పెద్ద టవర్ కూలర్‌తో 1.30 నేను పెట్టే హద్దు. ఉష్ణోగ్రత 80 దాటనివ్వను. ఏథ్లాన్ 3000జీ 3.8, 3.9 దగ్గర సాధారణంగా స్థిరపడుతుంది. 3.5 నుంచి 3.9 అంటే 11 శాతం. ఆటలో 40 ఫ్రేములు వస్తుంటే అన్నీ కుదిరితే 44 అవుతాయి, అంతకు మించి ఆశించకండి. అదే జీ3258 అయితే 4.4 దగ్గర 37 శాతం, పాత ఆటల్లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

తెర నల్లగా ఉండిపోయిందా? భయపడకండి. ప్లగ్ తీసేసి, బోర్డు మీద ఉన్న రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీని కాసేపు బయటికి తీసి మళ్లీ పెట్టండి. సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ఎక్కువసార్లు ఇంతటితో సరిపోతుంది.

పావుగంట పరీక్ష దాటినంత మాత్రాన పని అయిపోలేదు. చివరి సెట్టింగ్‌తో ఓ గంట ఓసీసీటీ, తర్వాత రెండు రోజులు మీ మామూలు పనులు, మామూలు ఆటలు. యూట్యూబ్ చూస్తుండగా ఒక్కసారి తనంతట తానే రీస్టార్ట్ అయినా ఒక మెట్టు కిందికి దిగిపోండి. ఆ 100 మెగాహెర్ట్జ్ కోసం పరీక్ష ముందు రోజు కంప్యూటర్ మొండికేస్తే ఎవరికి నష్టం?

9. రెండు ప్రొఫైళ్లు దాచుకోండి

దాదాపు ప్రతి బోర్డు బయోస్‌లోనూ సెట్టింగులు పేరు పెట్టి దాచుకునే చోటు ఉంటుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒకటి, మార్చి నుంచి వానలు పడేదాకా రెండు మెట్లు తక్కువగా, తక్కువ వోల్టేజితో ఇంకొకటి పెట్టుకోండి. మారుస్తున్నప్పుడల్లా ఓ పావుగంట పరీక్ష నడపండి.

ఒకరోజు మీరు రైజెన్‌కో ఐ3కో మారతారు. అప్పుడు ఈ ప్రాసెసర్‌ను, బోర్డును అమ్మేముందు బయోస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చి, ఓవర్‌క్లాక్ చేసి వాడానని కొనేవాళ్లకు చెప్పండి. ఎంత వోల్టేజి దగ్గర ఎంత వేగం నిలబడిందో రాసుకున్న కాగితం కూడా ఇవ్వండి. మన పేట గదుల వేడిలో తీసిన ఆ అంకెలు వాళ్లకు చాలా పనికొస్తాయి.